మూడు తీగలు

నా కొంత్రాకి మూడే తీగలు.
నాలుగోది తెగిపోయిందేమోనని కొత్తవాళ్లు జాలిపడతారు.
తీగల కింది గుర్రాన్ని
మా తాత బల్లపరుపుగా చెక్కాడు,
కమాను లాగితే మూడూ ఒక్కసారే మూలుగుతాయి.
పాట నాకు రాదు. పాట లుడోవిక్‌ది.
నేను దాని కింద నేలని.

వాటాలూ అలాగే.
వయొలిన్‌కి సగం.
మిగతా సగం నాకూ, బాసు మోసే తోదోర్‌కీ.
పెట్రోలు మాత్రం ముగ్గురిదీ సమానం.
పెళ్లిళ్లలో తాగినవాళ్లు నోటు ఉమ్మితో తడిపి
లుడోవిక్ నుదుటికి అంటిస్తారు.
నా నుదురు నలభై ఏళ్లుగా పొడిగానే ఉంది.

ఈస్టర్ ముందు ఉపవాసాల్లో పెళ్లిళ్లుండవు.
అప్పుడు క్లుజ్ చుట్టుపక్కల ఇళ్లకి రేకులు వేస్తాం.
తోదోర్ సుత్తి కూడా తాళం తప్పుతుంది.
పైనుంచి తిడతాను,
తిడుతూనే నా వేళ్లు చూసుకుంటాను.

ఇప్పుడు ఒకే కుర్రాడు కీబోర్డు పట్టుకొచ్చి
మా ముగ్గురి పనీ చేసేస్తున్నాడు.
పెట్టాల్సిన భోజనమూ ఒక్కటే.
వాణ్ణి ఏమనను? మా చెల్లెలి కొడుకే.

మా వైపు మనిషికో పాట ఉంటుంది.
ఆ మనిషి ఆటకి లేచాడంటే ఆ పాటే ఎత్తాలి,
మరిచామా, ఆ రాత్రి కూలి గోవిందా.
రోజాలియా మొగుడు గుర్రాల బేరగాడు.
ఆయన పాట మధ్యలో కుంటుతుంది,
ఆయన ఎడమకాలి లాగే.
ఆయన పోయిన పదకొండేళ్లూ
ప్లం పళ్లు దించగానే కబురు పెట్టేది.
వంటింట్లో స్టూళ్లు వేసి, ఆ ఒక్క పాటకి
డజను గుడ్లూ, సీసాడు సారా, నాలుగు మడతల నోటూ.
తను మాత్రం పొయ్యి వైపు తిరిగి నిలబడేది.

నిన్న ఆవిణ్ణి పూడ్చాం.
మేనకోడలు డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది,
చర్చి పాటలు చాలంది.
న్యాయమే. అడగని పాటకి ధరేముంది?

తిరిగొస్తుంటే కొండ మలుపులో కారు వేడెక్కింది.
చల్లారేదాకా ఏం చేస్తాం,
లుడోవిక్ పెట్టె తెరిచాడు.
రెండు చరణాలు వచ్చాయి. మూడోదాని దగ్గర
కమాను గాల్లో ఆగిపోయింది.
"పోయిందిరా," అన్నాడు.
నేను మూడు తీగలూ లాగుతూ పోయాను,
లాగుతూ, లాగుతూ,
ఆయన కాలు ఈడ్చే చోట
కమాను ఎత్తేశాను.
ఆ ఖాళీలోకి కుంటుకుంటూ వచ్చింది పాట.

అయ్యాక ఎవరం మాట్లాడలేదు.
తోదోర్ రేడియేటర్లో నీళ్లు పోసి,
మూత బిగిస్తూ అడిగాడు:
"పెట్రోలుకి ఎవరి దగ్గరుంది చిల్లర?"