పదిహేడో నంబరు

గెర్త్రూదాకి లీగు జులైలో మొదలవుతుంది,
గడ్డి పసరుతో.
అక్టోబరుకి బురద. మోచేతుల దగ్గర నెత్తురు,
దానికి చన్నీళ్లే. వేణ్ణీళ్లు తగిలితే మొండికేస్తుంది.

గని మూసేశాక ఆ సిలేసియా ఊరికి మిగిలిన గొప్ప
పోలండు పెద్ద లీగులో ఒక జట్టు.
ఆవిడ ఆట చూడదు, స్కోరు అడగదు.
గోడవతల అరుపు టక్కున తెగిందంటే
మనవాళ్లు గోలు తిన్నట్టే,
సబ్బుపొడి ఇంకో గుప్పెడు వేస్తుంది.

డిసెంబరు మంచుకి ఆట ఆగితే
యంత్రాలు నోళ్లు తెరుచుకుని పడుకుంటాయి.
ఫిబ్రవరిలో మళ్లీ బాణసంచా పొగ కంపు, ఓటములు.

పదిహేడో నంబరు జెర్సీ మాత్రం
ప్రతివారం మడత నలగకుండా వచ్చేది.
కోర్నెల్ అని, బెంచీ మీది కుర్రాడు.
దాన్నెందుకు ఉతకడం, అన్నాడు స్టోరు చూసే ఎర్విన్.
"వాడికీ చెమట పట్టింది, కూచునే" అంది.

మే నెలలో ఆఖరాట.
కింది లీగుకి జారడం ముందువారమే ఖాయం, సగం కుర్చీలు ఖాళీ.
ఆ రాత్రి బుట్టలో పదిహేడు:
పొట్ట మీద అడ్డంగా పచ్చటి చార.
నాలుగు నిమిషాలు ఆడాడట.

అన్నీ నానేసింది.
దాన్నొక్కదాన్నీ
ఉతక్కుండానే దండెం మీద ఆరేసింది.