హాజరు పట్టీ

మినిట్స్‌లో మొదట ఒక గీత ఉంటుంది.
గీతకు పైన సభ్యులు,
గీతకు కింద, పిలవగా వచ్చినవారు.
పదకొండేళ్లు నేను కిందే ఉన్నాను.
ఆ గీత గీసిందీ నేనే.

రూవీ కొండల మీద ఎండ
ఇనప పెనంలా కాగుతున్నప్పుడు
పద్నాలుగో అంతస్తులో మాత్రం మాఘమాసం.
కోట్లు తొడుక్కునేవాళ్ల కొలతకు పెట్టిన చలి అది.
చీర మీద శాలువా కప్పుకొని
ఎవరు ఏమన్నారో రాసుకునేదాన్ని.
దగ్గులు వదిలేసి, కోపాలు వదిలేసి,
'సుదీర్ఘంగా చర్చించడమైనది' అని.
ఎన్ని అరుపులు అణిగిపోయాయో ఆ ఒక్క మాటలో,
మా అనకాపల్లి బెల్లం దిమ్మలో చీమల్లా.

ఆ బల్ల దగ్గరికి సభ్యురాలిగా మొదట వచ్చింది జువైనా.
సూర్‌లో పడవలు కట్టేవాళ్ల మనవరాలు.
అబాయా అంచు కుర్చీ చక్రంలో చిక్కుకుంటే
తనే వంగి లాక్కుంది.
సలాలా గోదాము కప్పు తుఫానుకు ఆగదంది.
ఎవరో ఫోన్ చూసుకుంటున్నారు.
ఎవరో ఖర్జూరం గింజ ఎక్కడ వెయ్యాలా అని
చుట్టూ వెతుకుతున్నారు.
పావుగంట పోయాక అదే మాట
మెహతా గారు గొంతు సవరించుకుని అన్నారు.
బల్లంతా తలలూపింది.
నేను ఆయన పేరే రాశాను.

ఎవరూ రాయమనలేదు.
చెయ్యి దానంతటదే రాసింది,
ఇంటి దారి ఎరిగిన ఎద్దులా.

సాయంత్రం నా డెస్క్ దగ్గరికొచ్చి నిలబడింది.
"నాలుగో పేజీ, ఎనిమిదో వరుస.
అది నా మాట."
అంతే. కుర్చీలో కూర్చోలేదు,
గొంతూ పెంచలేదు.
కొట్టేసి రాశాను. చెవులు కాలాయి.

మే నెలలో తుఫాను రానే వచ్చింది.
గోదాము నిలబడింది.
ఆ సంగతి ఏ మినిట్స్‌లోనూ లేదు.
కూలని కప్పు గురించి ఎవరు రాస్తారు?

ఇవాళ నా పేరు గీతకు పైన.
బొడ్డేటి సువర్చల, డైరెక్టర్.
పొద్దున్నే చెల్లి ఫోను:
"అక్కడ నువ్వేం చెయ్యాలక్కా?"
"చెయ్యెత్తాలే" అన్నాను.
"బళ్లోనా ఏటి!" అని ఒకటే నవ్వు.
కుర్చీ ఎత్తుగా ఉంది, పాదాలు నేలకు ఆనలేదు.
కింద మీట ఒకటుందని
రెండో అంశం దాకా నాకు తెలియలేదు.

ఏడో అంశం, పాంట్రీ.
ముగ్గురి జీతాల బదులు ఒక మెషీను.
లెక్క సరిగ్గానే ఉంది, ఆ లెక్క నాకూ వచ్చు.
అదే సమయానికి షఫీకుల్ కప్పులు పెడుతున్నాడు.
నా కప్పులో అల్లం,
పదకొండేళ్లుగా, అడక్కుండానే.
అతనికి ఇంగ్లీషు రాదని
గదిలో అందరి నమ్మకం.

"అనుకూలం?"
చేతులు లేచాయి.
జువైనా చెయ్యీ లేచింది, తడబడకుండా.
"వ్యతిరేకం?"
శాలువాలోంచి నా చెయ్యి బయటికి రావడానికి
కాస్త సేపు పట్టింది.
చలేస్తోందనుకున్నారేమో.

తీర్మానం నెగ్గింది.
లేస్తూ జువైనా నావైపు ఒక చూపు చూసింది.
ఆ చూపును ఏ మాటగా రాయాలో
నాకు ఇంకా తెలియలేదు.

మధ్యాహ్నానికి డ్రాఫ్ట్ వచ్చింది.
'మెజారిటీతో ఆమోదించడమైనది.'
నా వాక్యమే.
చేరిన మూడో వారంలో జోబిన్‌కి నేనే నేర్పాను:
పొడి మాటలు రాయి నాయనా,
పొడి మాటలకు బూజు పట్టదు.

లేచి వెళ్లాను.
కొట్టాయం కుర్రాడు
అన్నం డబ్బా మూత తీస్తున్నాడు.
"ఆరో పేజీ, చివరి వరుస.
వ్యతిరేకించినవారు ఒకరు.
పేరు రాయి."

చేపపులుసు వేళ్లు తుడుచుకుని
కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.
"స్పెల్లింగ్ మేడమ్?"

ఒక్కో అక్షరం చెప్పాను.
గోడకవతల పాంట్రీలో
ఎవరో కప్పులు కడుగుతున్నారు.