చేటడు తవుడు

ఏడురోడ్ల జంక్షన్ దాటాక రెండో సందులో మా టిఫిన్ కొట్టు.
వంటింటి గోడకి, బజ్జీల మూకుడుకి సరిగ్గా నడినెత్తిన
పొగలాగే ఫ్యాను.
పదకొండేళ్ళుగా అది లాగిందంతా బయటికే పోయిందనుకున్నాం.
పోలేదు.
సగం దాని రెక్కల మీదే కూర్చుంది.

ఈగ వాలితే ఈగ లేవదు.
మొన్నొక నల్లటి బొట్టు పిండిగిన్నెలో పడబోయి
అంచున ఆగింది.
నాన్న అటూ ఇటూ చూసి,
నేను చూడలేదనుకుని, బొటనవేలితో తుడిచేశాడు.

బజారు నుంచి సీసా తెచ్చాను.
సీసా మీద మెరిసే వంటిల్లు, అందులో నవ్వుతూ ఒకామె.
జబ్బలు పడిపోయేలా రుద్దాను.
వాసన మారింది.
జిడ్డు మారలేదు.

మర్నాడు గిన్నెలు తోమడానికొచ్చిన తవిటమ్మ
ఫ్యాను వేపు చూసి, సీసా వేపు చూసి,
"ముందు ఫీజు పీకించమ్మీ" అంది.
మధ్యాహ్నానికి ఆమదాలవలస మిల్లు నుంచి
ఆమె మరిది సైకిలు మీద
రెండు కేజీల తవుడు దిగింది.

నేను బకెట్టు ఎత్తగానే కసురుకుంది.
"నీల్లు పొయ్యకు.
నీల్లంటే జిడ్డుకి బెదురు.
బెదిరినాదంటే మరీ గట్టిగా అతుక్కుంటాది.
ముందు పొడిది పెట్టాల. తాగనియ్యాల."

రెక్కలు ఊడదీసి, పాత పేపర్లు పరిచి,
పసిపిల్లకి పౌడరు రాసినట్టు
గుప్పెళ్ళతో తవుడు అద్దింది.
ఇద్దరం పీటలేసుకుని కూర్చున్నాం, అది తాగేదాకా.
కమ్మటి తవుడు వాసన మెల్లగా ముదిరి
మిరపకాయ బజ్జీ వాసనయింది.

"నా పేరు ఇందులోదే, తెలుసునా?"
తెలీదన్నాను.
ఆరేళ్ళుగా రోజుకి పదిసార్లు అరిచి పిలిచే పేరు.

"నాకన్నా ముందు ముగ్గురు గుంటలు పోనారు మాయమ్మకి.
నాను పుట్టగానే తీసుకెళ్ళి పెంట మీద పడుకోబెట్టీసినారు.
పక్కింటి ముసిల్ది చేటడు తవుడిచ్చి కొన్నాది.
కొని, మాయమ్మకే ఇచ్చినాది, పెంచమని.
సావు వచ్చి సూసుకున్నాది.
ఈ ఇంటి పిల్ల కాదు గదా,
తవుటి పిల్ల.
ఎలిపోనాది."

చెబుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు.
కొబ్బరిచిప్ప పెంకుతో గీకుతుంటే
చింతపిక్కలంత ముద్దలు రాలుతున్నాయి.
పొర కింద పొర.
నూనె ధర మండిన ఏడాది పల్చటి పొర ఒకటి ఉండే ఉంటుంది.
తుఫానుకి ఊరంతా పొయ్యిలు ఆరిపోయి
మా కొట్టు ముందు జనం బారులు తీరిన వారం
ఏ పొరలో ఉందో.
అన్నీ తవుట్లో కలిశాయి.

ఆ తర్వాతే వేణ్ణీళ్ళు, గుప్పెడు వంటసోడా,
పొద్దున పులిహోరకి పిండేసిన నిమ్మడిప్పలు.
ఎవరు తిప్పినా జారే ఇత్తడి కుళాయికి
చింతపండు పిప్పి, రాళ్ళుప్పు.
స్విచ్‌బోర్డు దగ్గరికి మాత్రం నన్ను రానివ్వలేదు.
పొడిగుడ్డ చుట్టిన వేలితో తనే, ఒక్కో మీటా.

రెక్కలు నీలంగా తేలాయి.
"ఇది నీలమా?" అన్నాను.
"నేను ఆకుపచ్చది కొన్నాను" అన్నాడు నాన్న.
కాసేపు వాదించుకున్నాం.
రసీదు ఎప్పుడో ఏ పకోడీ పొట్లమయిందో.

జిడ్డు తాగిన తవుడంతా మూట కట్టుకుంది తవిటమ్మ.
పొయ్యి రాజెయ్యడానికట.
కిరసనాయిలు దండగట.

ఫీజు పెట్టాం. రెక్కలు తిరిగాయి.
నీలమో ఆకుపచ్చో
తేలకుండానే రంగు గాల్లో కలిసిపోయింది.

చీకటి పడ్డాక పద్దు రాస్తూ పైకి చదివాను:
తవుడు, రెండు కేజీలు, అరవై.

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న తవిటమ్మ ఆగింది.
"అరవయ్యా?" అంది.
మూట చంకలోకి సర్దుకుంది.
"నన్ను మరీ సవగ్గా కొనీసినారమ్మీ."