ఐదో గడి

వాషింగ్టన్ నుంచి వచ్చిన ఫారంలో ఐదు గడులు.
నాలుగు వాళ్ళే నింపి పంపారు:
చదవడం, లెక్కలు, ఏటికేడు ఎదుగుదల,
ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల ఇంగ్లీషు.
ఐదోది మీ రాష్ట్రం ఇష్టం అన్నారు.
ఇష్టం అన్న మాట కింద
సన్నటి అక్షరాల్లో షరతులు.

ఆగస్టా, ఫిబ్రవరి.
కెనెబెక్ నది గడ్డకట్టి మెదలకుండా ఉంది.
మూడో అంతస్తులో తొమ్మిది మందిమి,
కాఫీ మీద కాఫీ,
ఐదో గడిలో ఏం రాయాలో తేలక.
లైబ్రరీకి వెళ్ళే పిల్లల సంఖ్య అన్నారెవరో.
కొలవడం కష్టం అన్నాడు వెరిల్,
కొలవలేనిది లేనట్టే అతని లెక్కలో.
చివరికి అందరి వేళ్ళూ ఒకే మాట మీద ఆగాయి:
గైర్హాజరు.
పద్దెనిమిది రోజులు దాటితే
ఆ పిల్లవాడు బడికి మచ్చ.

అప్పుడు లేచింది ఒడీల్ సీర్,
కెనడా సరిహద్దు పక్క నుంచి
మంచులో ఐదు గంటలు బండి నడుపుకుంటూ వచ్చిన హెడ్మిస్ట్రెస్.
బూట్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.
"మా ఊళ్ళో సెప్టెంబరంటే బంగాళదుంప.
బడికి మూడు వారాలు సెలవిస్తాం,
కానీ దుంపకి క్యాలెండర్ తెలీదు.
వాన పట్టుకుంటే నాలుగో వారం కూడా తవ్వాలి,
నేల బిగుసుకోక ముందే.
మా రెనోకి పదమూడేళ్ళు.
వాళ్ళ నాన్న హార్వెస్టర్ మీద నిలబడి
కదిలే బెల్టు మీంచి రాళ్ళేరుతాడు.
మట్టి కప్పుకున్నా
రాయేదో దుంపేదో వాడి చేతికి తెలుసు.
మీ పరీక్షలో ఆ ప్రశ్న లేదు,
ఉండాలని కూడా అనను.
పోయినేడు ఇరవై ఒక్క రోజులు రాలేదు వాడు.
అందులో తొమ్మిది దుంపలవి.
మిగతా పన్నెండూ ఎందుకో
నేనింకా అడగలేదు.
మీ గడి లేకపోతే
ఆ పన్నెండూ నాకు కనిపించేవే కావు."

గదిలో ఎవరి కుర్చీ వాళ్ళకి ఇరుకైంది.

వెరిల్ లాప్‌టాప్ తిప్పి చూపించాడు:
ఆ బడిలో ఆ తరగతికి ఎనిమిది మందే.
పదికి తగ్గితే అంకె వెయ్యం,
పిల్లల గుట్టు బయటపడకూడదని
నక్షత్రం గుర్తు వేస్తాం.
"అంటే మావాడు పాసా, ఫెయిలా?"
"నక్షత్రం."
ఒడీల్ ఆ మాటని కాసేపు నోట్లోనే ఉంచుకుంది,
వేడి దుంపని అటూ ఇటూ తిప్పినట్టు.

మా అమ్మ లూయిస్టన్‌లో చెప్పులు కుట్టేది,
ఫ్యాక్టరీలో, జతకింత అని.
అచ్చు మీద తోలు బిగించేటప్పుడు
బొటనవేలి దగ్గర రవంత వదులు ఉంచేది.
సూపర్‌వైజర్ స్కేలు పెట్టి కోప్పడితే
"సాయంత్రానికి పాదం పొంగుతుందయ్యా" అనేది.
వెసులుబాటు అనే మాట టైపు చేసినప్పుడల్లా
నాకు గుర్తొచ్చేది చట్టంలో సెక్షన్ కాదు,
ఆ రవంత.
ఇంకోటి కూడా గుర్తుంది:
వదులు ఎక్కువైన జతలు
తిరిగొచ్చేవి,
మడమ దగ్గర ఎవరిదో నెత్తురు మరకతో.

ఉత్తరం ముసాయిదా నేనే రాశాను.
దుంపల రోజుల్ని గైర్హాజరు లెక్కలోంచి తీసేశాం.
మిగతావి ఉంచాం.
ఏప్రిల్లో వాషింగ్టన్ నుంచి మూడు ప్రశ్నలొచ్చాయి.
రెండింటికి ఆ పూటే జవాబిచ్చాను.
మూడోది:
ఈ సడలింపు వల్ల ఏ పిల్లలు లెక్కలోంచి జారిపోవచ్చు?
మంచి ప్రశ్న.
రాసిందెవరో, సంతకం లేదు.

జవాబు రాయాల్సిన చోట కర్సర్ కొట్టుకుంటోంది.
ఒడీల్‌కి ఫోన్ చేశాను.
అడిగారా వాణ్ణి, ఆ పన్నెండు రోజుల సంగతి?
అడిగిందట.
అవతల కాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత కుర్చీ లాక్కున్న చప్పుడు.
"కాగితం ఉందా దగ్గర?" అంది.