ఏడో ప్రశ్న

మా బాల్కనీ ఒక ప్రశ్నకి జవాబట.
మొన్న మొన్నటిదాకా నాకే తెలీదు.

పొద్దున పదింటికి మొదలవుతారు.
చేతిలో మడతలు నలిగిన కాగితం, చంకలో నీళ్ళసీసా,
సొలొలాకి ఎగుడు ఆయాసపడుతూ ఎక్కి
నా కిటికీ కింద ఆగి, మెడలు పైకెత్తి
పెదాలు కదుపుతారు:
ఒకటి, రెండు, మూడు...
ప్రార్థనేమో అనుకున్నాను ముందు.

కింద చెప్పులు కుట్టే వాజా చెప్పాడు:
"ఆట, త్సియాలా! ఊరంతా వెతుక్కుంటూ తిరగడం.
గైడు ఉండడు, కాగితమే గైడు.
గంధకపు స్నానాల గుమ్మటాలు రెండో ప్రశ్న,
గడప మీది రంగు పలకలు నాలుగోది.
నువ్వు ఏడు."
ఎవరో పారేసుకున్న కాగితం తీసి చదివాడు:

"రెక్కలున్నాయి, ఎగిరింది లేదు.
ముక్కులున్నాయి, గింజ ముట్టింది లేదు.
వానకి తడుస్తాం, చలికి వణకం.
ఎందరం?"

పొడుపు బాగానే పొడిచాడు, ఎవడోగాని.
కటకటాల మీద ఇనుప పిట్టలు, ఏడు.
ఇప్పుడున్నవి ఆరు.

పిట్టకి పది అడుగుల లెక్కన
ఎడమకి నడవమంటుంది కాగితం.
డెబ్బై వేస్తే
పాత మందుల కొట్టు పేరు చెక్కిన రాయి.
అరవై వేస్తే జైరా రొట్టెల కొట్టు.
కనక అందరూ జైరా పొయ్యి ముందు నిలబడి
గోడలు తడుముతారు, లేని అక్షరం కోసం.
"నీకు లెక్కలు నేర్పిందెవరు?" అని
ఒక బతూమి ఆయన పెళ్ళాన్ని అడిగాడు.
ఆవిడ జవాబు చెప్పలేదు,
రెండు రొట్టెలు కొని రెండూ తనే తింది.

ఏడో పిట్ట నా వంటింట్లో ఉంది.
మంచు ఎక్కువ పడిన ఏడు తుప్పు తిని రాలిపోతే
జోంజోలి పూలు ఊరేసిన జాడీ మీద బరువుగా పెట్టాను.
అతికించేద్దామా అని వాజాని అడిగిన సాయంత్రమే
జైరా ఒక వేడి రొట్టె పట్టుకొచ్చి
"తొందరేముందమ్మా" అంది.

నిన్న ఒక పిల్ల వచ్చింది.
కుతైసి నుంచి, మేనమామతో. పేరు తెక్లా.
అందరూ పిట్టల్ని లెక్కపెడితే
అది సందుల్ని లెక్కపెట్టింది.
మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది.
ఇన్ని వందల మందిలో
తలుపు కొట్టిన మొదటి మనిషి.
"నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య
రెండు మేకు బెజ్జాలున్నాయి. అక్కడుండేది ఏమైంది?"

జాడీ మీంచి తీసి చేతిలో పెట్టాను.
బరువుకి చెయ్యి వంగింది.
వాసన చూసి ముక్కు ముడుచుకుంది,
తర్వాత ముక్కుమీద ముక్కు ఆనించింది.
"ఇది లెక్కలోకి వస్తుందా?"
"నీ ఇష్టం," అన్నాను.
నిజానికి నాకూ తెలీదు.
పెన్సిలు తడిపి ఏడు అని రాసుకుంది.
కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను:
జైరా కొట్టు దాటింది, తల తిప్పలేదు,
రాయి దగ్గర వంగి ఏదో రాసుకుంది,
అప్పుడు పది అడుగులు వెనక్కి వచ్చి
రొట్టె కొనుక్కుంది.

రాత్రి వాజా దగ్గర ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.
అరవై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో.
కళ్ళజోడు తుడిచి
మొదటి ప్రశ్న చదివాను:

"నా మీద నిలబడితే నది కనిపించదు,
వినిపిస్తుంది. ఎక్కడున్నాను?"

నాలుగుసార్లు చదివాను.
ఏమో.

చెప్పులు వాజా దగ్గరే ఉన్నాయి, మడమ కుట్టాలి.
పొద్దున పదింటికి కావాలని చెప్పాను.