కాటాకి తూగనిది

కృష్ణలంక, పేరుకే లంక.
అక్కడ అరటిపళ్ల గోదాములో నేను కాటా చీటీలు రాస్తాను.
తెల్లారి నాలుగింటికి అసలు లంకల నుంచి ఏసోబు బండి వస్తుంది,
గెలలకి ఏటి తేమ ఇంకా ఆరకుండానే.

ఆ రోజు పద్దెనిమిది కేజీల చక్రకేళి
కొక్కేనికి తగిలించి ముల్లు చూస్తున్నాను.
రెండో అత్తం సందులో
ఎండుటాకు తునక ఒకటి కళ్లు తెరిచింది.

"చెట్టుకప్ప. మా లంకలో మట్టకొకటి. విదిలించెయ్," అన్నాడు ఏసోబు.
విదిలిస్తే కదలదే!
వేళ్ల చివర బొట్టుబిళ్లలంత గుండ్రాలు,
కాయకి స్టిక్కరేసినట్టు అతుక్కుంది.
ఇంకాసేపట్లో గెల మాగే గదిలోకి పోతుంది.
తలుపేస్తే మూడు రోజులు తియ్యరు.
ఆ గాలికి కాయ పసుపవుతుంది.
ఇదేమవుతుందో ఎవరూ చీటీ రాయలేదు.

క్యారేజీలో పచ్చడి గిన్నె కడిగి
దాన్లో పెట్టుకుని బస్సెక్కాను.
చిట్టినగర్ దాకా గిన్నె ఒక్కసారీ మోగలేదు.

మా ఇల్లు కొండ మీద, నూట పన్నెండు మెట్లు.
నీళ్లు రోజు విడిచి రోజు.
పగలంతా బాత్రూం వెంటిలేటర్లో కాళ్లు ముడుచుకుని
ఊడబోయే సున్నం పెళ్లలా ఉండేది.
రాత్రయితే
ఎవరో వేలి కణుపుతో చెక్క మీద కొట్టినట్టు
టక్. టక్కటక్. టక్.
మొదటి రాత్రి మా ఆయన లేచి తలుపు కూడా తీశాడు.

పదకొండు రాత్రులు అలాగే అడిగింది.
సొరంగంలో లారీల హారన్లు తప్ప
జవాబిచ్చినవాళ్లు లేరు.
నాలుగు వైపులా నీళ్లున్న చోటు నుంచి
బిందెల వరసలోకి తెచ్చానే అని
నాకే నిద్ర పట్టేది కాదు.

పన్నెండో రాత్రి గాలివాన, కరెంటు పోయింది.
షమీమాపా వాళ్ల రేకుల మీద
ఇంకో టక్.

తెల్లారి చూస్తే నీలం డ్రమ్ము లోపలి గోడకి
గుప్పెడు నురుగు.
"గడ్డం గీసి ఇక్కడా దులిపేది?" అని అరిచాను.
మా ఆయన ఏం మాట్లాడకుండా
వారం రోజుల గడ్డం ముందుకు చాపాడు.

ఆ వారం డ్రమ్ములో చెంబు ముంచలేదు.
పొద్దున రెండు, సాయంత్రం ఒకటి, ఆపా దగ్గర బిందెలు అప్పు.
"డ్రమ్ము చిల్లిపడిందా?" అంది.
"చుట్టాలొచ్చారు" అన్నాను.

ఐదో రోజు నురుగు కరిగి
నీళ్లలోకి ఒక్కొక్కటే జారాయి,
తోకలున్న నల్లటి కామాలు,
ఏ వాక్యంలోంచి రాలాయో మరి.

"ఆ కప్పనేం చేశావు?" అన్నాడు ఏసోబు మొన్న.
పాత చీటీ తీసి చూశాను.
అది ఉన్నప్పుడు పద్దెనిమిది,
తీశాకా పద్దెనిమిదే.

ఆపాకి మాత్రం
ఇంకా పదకొండు బిందెలు బాకీ.