ఉప్పుమళ్ళ ఇవతల

అన్సెల్మో బూట్లు గుమ్మం బయటే విప్పుతాడు
అయినా ఇంట్లోకి తెల్లదుమ్ము వస్తూనే ఉంటుంది.
అటకామా ఎడారి నడుమ ఉప్పుమళ్ళలో
భూమి అడుగునుంచి తోడిన నీటిని
ఏడాదిన్నర ఎండబెడతారు వాళ్ళు.
ముందు నీలం, తర్వాత పచ్చ, చివరికి నిమ్మపండు రంగు.
లారీలెక్కి సముద్రం వైపు పోతుంది లిథియం.
అందులో చిటికెడు
ఏ దారిన తిరిగొస్తుందో
రాత్రి తొమ్మిదింటికి నా నాలిక మీదికి.

"మా ఆయన తోడిందేనా ఇది?" అని అడిగాను
కలామా ఆసుపత్రిలో డాక్టర్ ఇబకాచేని.
"ఏమో రుఫీనా, చైనా నుంచి వచ్చిందేమో"
అని నవ్వింది ఆవిడ.

నేను రాతిపనిదాన్ని.
తోకోనావో గుట్టల తెల్లరాయితో
అరచేతిలో ఇమిడే గంటగోపురాలు చెక్కి
బస్సు దిగినవాళ్ళకి అమ్ముతాను.
ఆ ఏడు ఫిబ్రవరిలో
పదకొండు రాత్రులు నిద్ర నా గడప తొక్కలేదు.
నిద్రతో పనేముంది?
రాయి నాతో మాట్లాడుతోంది
ఉలి తగలకముందే గోపురం లోపల గంట మోగుతోంది.
రెండువందల పన్నెండు గోపురాలు.
మేకల్ని అమ్మేసి
మూడంతస్తుల పెళ్ళి కేకులు నాలుగు తెప్పించాను.
ఎవరి పెళ్ళని అడిగితే
ఆ ఎదురెదురు కొండలు రెండిటిదీ అన్నాను.
ఊరు నవ్వింది. ఊరికంటే గట్టిగా నేను నవ్వాను.
నిజం చెప్పాలంటే
అంత సుఖం మళ్ళీ ఎరగను.
ఈ మాట డాక్టర్‌కి చెప్పాను.
అన్సెల్మోకి చెప్పలేదు.

తర్వాత వచ్చింది ఏడుపు కాదు. అందరూ ఏడుపనుకుంటారు.
దువ్వెన బరువెక్కింది.
అంతే.
దాన్ని ఎత్తాలా అని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆలోచించి
ఎత్తలేదు.
పెరట్లో అంజూరపళ్ళు రాలి పులిసిన వాసన
కిటికీలోంచి వచ్చి, మంచం చుట్టూ తిరిగి
ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయేది.

పక్కింటి యులోహియా పెద్దమ్మ
కొండగాలి సోకిందని కోకా ఆకులు వేసి చూసింది.
ఆమెను తప్పు పట్టను.
నా తల దువ్వింది ఆవిడే.

ఇప్పుడు నాకన్నీ లెక్కలు.
మూణ్ణెల్లకోసారి రక్తం. రోజుకి ఇన్ని గ్లాసుల నీళ్ళు.
ఎండలో చెమట పడితే ఉప్పు లెక్క తప్పుతుంది
కూరలో ఉప్పు తగ్గిస్తే ఇంకోలా తప్పుతుంది.
ఉప్పూ కారం తినే ఒళ్ళే కదా అని
కోపం తెచ్చుకునే హక్కు మాత్రం
నాకింకా తిరిగి రాలేదు.
గొంతు కాస్త పెంచితే చాలు
అన్సెల్మో కళ్ళు గూట్లో సీసా మీదికి పోతాయి.
హుషారుగా కూనిరాగం తీసినా అంతే.
"ఇది ఉత్త సంతోషమయ్యా, జబ్బు కాదు" అంటాను.
నమ్మాలనే చూస్తాడు పాపం.

వేళ్ళు వణుకుతాయి.
గోపురాలకి అంచులు సూటిగా రావు.
కొనేవాళ్ళు అలా ఉంటేనే బాగుందంటారు.
వాళ్ళ బాగు నాకెక్కదు. నాకు సూటి గీతే కావాలి.

ఒక్కసారి మానేశాను. పోయిన చలికాలం, తొమ్మిది రోజులు.
రాయి మాట్లాడటం మానేసింది మరి.
తొమ్మిదో రాత్రి
రాయి గొంతు సవరించుకుంది.
ఆ చిన్న చప్పుడికి ఒళ్ళంతా చెవులై లేచాను.
లేచి, చీకట్లో చాలాసేపు నిలబడి
అన్సెల్మోని తట్టి
"అది వస్తోంది" అన్నాను.
లైటు వేయలేదు. ప్రశ్న వేయలేదు.
గ్లాసులో నీళ్ళు పోస్తున్న శబ్దం మాత్రం విన్నాను.

తగ్గిందా అని అడుగుతారు ఊళ్ళో.
ఉప్పుమడిలో నీరు తగ్గుతుంది గానీ
ఉప్పు తగ్గుతుందా?

రెండువందల పన్నెండులో ఒక్కటి దాచుకున్నాను
గూట్లో, మాత్రల సీసా పక్కనే.
కొలతల్లేవు. మెడ వంకర. తలుపు పెట్టడం మరిచిపోయాను.
లోపల గంట ఉందో లేదో
పగలగొడితే తప్ప తెలీదు.
వారానికోసారి దుమ్ము తుడిచి
ఉన్నచోటే పెడతాను.